కళావిద్యార్థి వెబ్‌సైటు: బొమ్మలతో పాటు ఎదుగుదలనూ నమోదు చేసే పద్ధతి

బొమ్మలు నేర్చుకుంటున్నవారు వెబ్‌సైటు పెట్టాలనుకోగానే సాధారణంగా చేసే పని, ఉన్నవాటిలో బాగా వచ్చిన పది పన్నెండు బొమ్మలను ఏరి, చూడ్డానికి అందంగా ఉన్న ఒక టెంప్లేట్‌లో అమర్చడం. అది పోర్ట్‌ఫోలియో అవుతుంది. కళాశాల ప్రవేశానికో, పని ఇచ్చేవారికి చూపించడానికో అది తప్పకుండా కావాలి. కానీ నేర్చుకుంటున్న క్రమాన్ని నమోదు చేయడమే ఉద్దేశమైతే, పోర్ట్‌ఫోలియోలో దాచిపెట్టేవన్నీ ఇక్కడ అవసరమవుతాయి. కుదరని ప్రయత్నాలు, సగంలో వదిలేసిన కాగితాలు, ఒకే వస్తువును నెలల తేడాతో మళ్లీ గీసిన బొమ్మలు, ఏ రోజున ఏమి ప్రయత్నించారో చెప్పే నాలుగు వాక్యాలు, ఇవన్నీ ఉంటేనే ఎదుగుదల కనిపిస్తుంది. ఈ రెండు అవసరాలనూ ఒకే పేజీతో తీర్చబోతే రెండూ చెడతాయి కనుక, సైటును మొదటినుంచే రెండు భాగాలుగా కట్టుకోవాలి: ఏరిన బొమ్మలుండే గ్యాలరీ ఒకటి, తేదీల వారీగా సాగే బ్లాగు ఒకటి. ఈ వ్యాసంలోని మిగతా సలహాలన్నీ ఈ విభజన మీద ఆధారపడినవే.

చిత్రకారులు తమ పనిని తామే నమోదు చేసుకోవడం ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. పాల్ క్లే 1911లో తన బొమ్మలన్నిటికీ చేతిరాతతో ఒక జాబితా మొదలుపెట్టి, చిన్నప్పటి బొమ్మలు కొన్నిటిని కూడా అందులో చేర్చి, ఆ తర్వాత వేసిన వాటికి సంవత్సరం, వరుస సంఖ్య ఇస్తూ జీవితాంతం దాన్ని కొనసాగించాడు. విన్సెంట్ వాన్ గో 1880లో చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నది మొదలు 1890లో మరణించేదాకా తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలలో, తాను వేస్తున్న బొమ్మల చిన్న స్కెచ్‌లు గీసి, ఏ రంగు పక్కన ఏ రంగు ఎందుకు పెట్టాడో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో వివరించాడు. క్లేది జాబితా, వాన్ గోది ఉత్తరం. మీ సైటులో గ్యాలరీ మొదటి పని చేస్తుంది, బ్లాగు రెండో పని చేస్తుంది.

ఎక్కడ కట్టాలి

వేదికను ఎంచుకునేటప్పుడు టెంప్లేట్ల అందం చూసి మోసపోకూడదు. టెంప్లేటును ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ప్రతి టపాకూ (బ్లాగులో పెట్టే ఒక్కో రాతకూ) తేదీ, వర్గం, ట్యాగులు పెట్టే వీలుందా, పెట్టినదంతా ఒకేసారి దింపుకుని మరో చోటికి తరలించుకునే వీలుందా, తర్వాతెప్పుడైనా సొంత డొమైన్ పేరు (మీ సైటుకే చెందిన వెబ్ చిరునామా) తగిలించుకోవచ్చా అన్నవి చూడాలి. వర్డ్‌ప్రెస్, బ్లాగర్ ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గుతాయి, కాకపోతే బ్లాగర్‌లో వర్గాలకూ ట్యాగులకూ కలిపి లేబుళ్లు ఒక్కటే ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో ఒక చిన్న తేడా గమనించాలి: 2003లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా దింపుకుని తమ సర్వర్‌లో పెట్టుకోగలిగేది, అదే పేరుతో ఖాతా తెరిచి వాడుకునే సేవ వేరు. మొదలుపెట్టేవారికి ఖాతా తెరిచే పద్ధతే సుఖం. గూగుల్ సైట్స్‌లో పేజీలు కట్టడం చాలా సులువు, కానీ అందులో తేదీలతో సాగే బ్లాగు ఏర్పాటు లేదు, కాబట్టి అది గ్యాలరీకి సరిపోయినా మన అవసరంలో సగమే తీరుస్తుంది. కోడ్ రాయడం ఇష్టమున్నవారికి గిట్‌హబ్ పేజెస్ చాలా మంచిది. ఫైళ్లన్నీ మీ దగ్గరే ఉంటాయి, ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవుతుంది. అయితే బొమ్మలు వేయవలసిన సాయంత్రాలు కోడ్ సరిచేయడానికి పోయే ప్రమాదం కూడా దానితోనే వస్తుంది.

సోషల్ మీడియా ఖాతా ఉంది కదా, వేరే సైటు ఎందుకని చాలామంది అడుగుతారు. కొత్తవారికి మీ పని కనిపించడానికి ఆ ఖాతా పనికొస్తుంది. కానీ రెండేళ్ల క్రితం గీసిన చేతుల అధ్యయనాలన్నీ ఒకచోట చూపించమంటే అక్కడ వేలితో తోసుకుంటూ వెళ్లడం తప్ప మార్గం ఉండదు, బొమ్మ నాణ్యత కూడా అక్కడ మీ చేతిలో ఉండదు. అసలు టపా సైటులో పెట్టి, దాని లింకును సోషల్ మీడియాలో ఇవ్వడమే సరైన క్రమం.

రెండు జాగ్రత్తలు మొదటి రోజే తీసుకోవాలి. పాఠశాలో కళాశాలో ఇచ్చిన ఈమెయిల్‌తో సైటు తెరవకండి. చదువు ముగిశాక అటువంటి ఖాతాలను మూసివేయడం మామూలే, ఖాతాతో పాటు సైటు కూడా చేజారుతుంది. రెండోది వయసు: చాలా సేవలు 13 ఏళ్లు నిండనివారిని సొంతంగా ఖాతా తెరవనివ్వవు, కొన్ని దేశాల్లో ఆ హద్దు ఇంకా ఎక్కువ. చిన్నపిల్లల సైటును తల్లి గానీ తండ్రి గానీ తమ ఖాతాలో తెరిచి నడపాలి. పిల్లలైనా పెద్ద విద్యార్థులైనా ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, చదివే తరగతి, రోజూ వెళ్లే చోట్లు పరిచయం పేజీలో రాయవలసిన అవసరం లేదు. పూర్తి పేరుకు బదులు మొదటి పేరో, కలంపేరో చాలు. సంప్రదించడానికి ఒక ఫారం పెడితే ఈమెయిల్ కూడా బయటపడదు.

సైటు పేరు విషయంలో చమత్కారానికి పోకపోవడం మేలు. ఇవాళ నీటిరంగులంటే ప్రాణం పెట్టేవారు రెండేళ్లలో శిల్పం వైపు వెళ్లవచ్చు. అప్పుడు పేరులోని నీటిరంగులు ఇబ్బంది పెడతాయి. మీ పేరే ఉంటే మీరెటు వెళ్లినా చెల్లుతుంది.

లోపలి అమరిక

మెనూలో నాలుగు పేజీలకు మించి అక్కరలేదు: గ్యాలరీ, బ్లాగు, పరిచయం, సంప్రదింపు. శ్రద్ధ పెట్టవలసింది వర్గాలు, ట్యాగుల మీద. వర్గాలను మాధ్యమం ప్రకారం పెట్టుకోండి, అవి ఐదారు దాటకూడదు: పెన్సిల్, చార్‌కోల్, నీటిరంగులు, డిజిటల్, మట్టి, ఇలా. ట్యాగులను మాత్రం సమస్య ప్రకారం పెట్టండి. "చేతులు", "వస్త్రాల మడతలు", "పర్‌స్పెక్టివ్", "వెలుగునీడలు", "గాజు", "రాత్రి వెలుతురు" వంటివి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సైటు మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఎందుకంటే ఎవరైనా ఎదిగేది ఒక్కో సమస్యతో పట్టుబట్టి కుస్తీ పట్టినప్పుడే; "చేతులు" అన్న ట్యాగు నొక్కగానే మొదటి కర్రవేళ్ల నుంచి నిన్నటి బొమ్మదాకా వరుసగా వచ్చిందంటే, మీరు ప్రత్యేకంగా ఏమీ రాయకుండానే ఎదుగుదల పేజీ ఒకటి తయారైనట్టు. "కళ", "బొమ్మ", "సృజన" వంటి ట్యాగులు దేనికీ పనికిరావు, ప్రతి టపాకూ అవే వర్తిస్తాయి.

తెలుగులో రాసేవారు పట్టించుకోవలసిన సాంకేతిక విషయం ఒకటుంది. టపా శీర్షిక తెలుగులో పెడితే కొన్ని వేదికలు ఆ తెలుగునే వెబ్ చిరునామాలోకి ఎక్కిస్తాయి. వెబ్ చిరునామాల్లో వాడే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు. చిరునామాను కాపీ చేసి మరో చోట అతికించినప్పుడు ఆ ఒక్క సంకేతం తరచుగా తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. రెండు మాటల శీర్షిక కూడా శాతం గుర్తులు, అంకెలతో నిండిన పెద్ద తోకలా మారుతుంది. శీర్షికను తెలుగులోనే ఉంచి, చిరునామా భాగాన్ని మాత్రం రోమన్ లిపిలో చిన్నగా మీరే టైపు చేయండి. ఒకసారి ప్రచురించాక ఆ చిరునామా మార్చవద్దు. మారిస్తే అంతకుముందు ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి. వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లీషు టెంప్లేట్లలో ఉన్నదానికంటే కొంచెం పెంచండి, లేకపోతే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి.

రూపం గురించి ఇంతే చెప్పాలి: నేపథ్యం తెలుపో, లేత బూడిదరంగో ఉండాలి. ముదురు రంగుల నేపథ్యం దాని మీద పెట్టిన ప్రతి బొమ్మ రంగునూ కంటికి మార్చి చూపిస్తుంది. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. లేత బూడిద మీద ఇంకాస్త ముదురు బూడిద అక్షరాలు నాజూకుగా ఉంటాయి గానీ ఎవరూ చదవలేరు.

బొమ్మను ఫొటో తీయడం

సైటు నాణ్యతలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది. ఖరీదైన కెమెరా అక్కరలేదు, వెలుతురు అర్థమైతే ఫోను చాలు.

నేరుగా ఎండ పడని కిటికీ పక్కన గానీ, మబ్బు పట్టిన రోజున ఆరుబయట గానీ తీస్తే వెలుతురు బొమ్మంతా సమానంగా పరుచుకుంటుంది. కిటికీ దగ్గర తీసేటప్పుడు గదిలోని లైట్లన్నీ ఆర్పేయాలి. పగటి వెలుతురు, బల్బు వెలుతురు కలిస్తే కాగితం ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత ఏ యాప్‌తోనూ పూర్తిగా సరిచేయలేం. కిటికీకి ఎదురు వైపున ఒక తెల్లని అట్టను నిలబెడితే నీడ వైపు కూడా కొంత వెలుగు పడుతుంది. రాత్రిళ్లు మాత్రమే వీలయ్యేవారు ఒకే రకం బల్బులు రెండు తీసుకుని, బొమ్మకు రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో సమాన దూరంలో పెట్టుకోవాలి. ఆ కోణం ఎందుకంటే, ఎదురుగా పెట్టిన దీపం ఆయిల్, అక్రిలిక్ రంగుల మీద మెరుపు మరకగా నేరుగా లెన్సులోకి తిరిగి వస్తుంది; పక్కనుంచి పడిన వెలుగు పక్కకే వెళ్లిపోతుంది. ముదురుగా రుద్దిన పెన్సిల్ కూడా ఇలాగే మెరుస్తుంది. ఫ్లాష్ ఎప్పుడూ వాడవద్దు.

బొమ్మను గోడకు నిలబెట్టి, లెన్సు సరిగ్గా బొమ్మ మధ్యభాగం ఎత్తులో, బొమ్మ తలానికి సమాంతరంగా ఉండేలా చూడండి. ఫోనులో గ్రిడ్ గీతలు తెరుచుకుంటే అంచులు వంకరగా ఉన్నాయా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. ఫోనులోని మామూలు లెన్సు వెడల్పుగా చూసే రకం కాబట్టి మరీ దగ్గరగా వెళితే అంచులు ఉబ్బినట్టు వస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగి, రెండు రెట్లు జూమ్ చేసి తీయడం మంచిది. తెల్లకాగితం బూడిదరంగులో రావడం అందరికీ ఎదురయ్యే సమస్య. కెమెరా తన ముందున్నది మధ్యస్థమైన వెలుగు అనుకుని లెక్క వేసుకోవడం వల్ల, ఫ్రేమంతా తెలుపే ఉన్నప్పుడు అది చీకటి చేస్తుంది. తెర మీద బొమ్మను తాకి, ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా పైకి జరిపితే సరిపోతుంది. ఫిల్టర్లు, ఆటోమేటిక్‌గా రంగులు పెంచే ఏర్పాట్లు అన్నీ తీసేయండి. ఎదుగుదలను నమోదు చేసే సైటులో బొమ్మకు లేని రంగును ఫొటోలో కలిపితే, ఆరు నెలల తర్వాత మీరు పోల్చుకునేది మీ బొమ్మలను కాదు, ఫోను తెలివితేటలను.

చిన్న పెన్సిల్, ఇంకు బొమ్మలకు స్కానరు నయం. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఏ4 కాగితం 2480 × 3508 పిక్సెళ్లు వస్తుంది, ఆ కొలతలో అచ్చుకు కూడా పనికొస్తుంది. అయితే పలచని నీటిరంగు పూతలను చాలా స్కానర్లు తెల్లగా తుడిచేస్తాయి, దళసరిగా పూసిన రంగును చదునుగా చూపిస్తాయి. చార్‌కోల్, పాస్టెల్ బొమ్మలను అసలే పెట్టకూడదు. గాజూ పాడవుతుంది, బొమ్మా అలుక్కుపోతుంది. శిల్పాలకు ఒక ఫొటో చాలదు. ఏ నమూనా లేని నేపథ్యం ముందు పెట్టి, ఒకవైపు నుంచి మాత్రమే వెలుగు పడేలా చూసి, కనీసం మూడు కోణాల నుంచి తీయాలి.

పూర్తయిన బొమ్మనే కాదు, మధ్య దశలను కూడా తీయాలి. మొదటి చిత్తు గీతలు, మొదటి పూత, దిద్దుబాటుకు ముందు, దిద్దుబాటు తర్వాత. ఈ ఫొటోలు అంత బాగుండనక్కరలేదు, కానీ ఒకే చోటు నుంచి తీసినవై ఉండాలి. బల్ల మీద ఫోను పెట్టే చోట చిన్న టేపు ముక్క అంటించుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. డిజిటల్‌లో వేసేవారికి ప్రోక్రియేట్ వంటి యాప్‌లు గీసే క్రమాన్ని తామే వీడియోగా దాస్తాయి.

సైటులోకి ఎక్కించే కాపీ వేరు, అసలు ఫైలు వేరు. అసలు ఫొటోను తాకకుండా పక్కన పెట్టి, పొడవైన వైపు 1600 నుంచి 2000 పిక్సెళ్లు ఉండేలా ఒక కాపీ చేసి, చాలా తెరలు చూపగలిగే ఎస్ఆర్‌జీబీ రంగుల పరిధిలోకి మార్చి, జేపీఈజీగా 80 శాతం నాణ్యతతో దాచుకోండి. కొత్త ఫోన్లలో కొన్ని ఇంతకంటే విస్తృతమైన రంగుల పరిధిలో ఫొటో తీస్తాయి. మార్చకుండా ఎక్కిస్తే వేరే తెరల మీద రంగులు వెలిసినట్టు కనిపించే అవకాశం ఉంది. స్పష్టమైన గీతలూ, చదునైన రంగులూ ఉన్న డిజిటల్ బొమ్మలకు పీఎన్‌జీ బాగుంటుంది. ఫొటో ఫైలులో తీసిన ప్రదేశపు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉండవచ్చు. కాపీ చేసేటప్పుడు ఆ సమాచారం తీసేయాలి, ఇంకా నయం, కెమెరా యాప్‌కు లొకేషన్ అనుమతే ఇవ్వకూడదు.

ఫైళ్ల పేర్లు 2025-03-14 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు క్రమంలో మొదలుపెట్టి, తర్వాత బొమ్మ పేరు చేర్చండి. ఇలా పెడితే కంప్యూటరు అక్షరక్రమంలో అమర్చినా అవి కాలక్రమంలోనే నిలుస్తాయి. తేదీ మాత్రం బొమ్మ పూర్తయిన రోజుది కావాలి, ఎక్కించిన రోజుది కాదు. పాత స్కెచ్‌బుక్కులను ఇప్పుడు ఎక్కిస్తున్నా టపా తేదీని వెనక్కి మార్చే వీలు వర్డ్‌ప్రెస్‌లోనూ బ్లాగర్‌లోనూ ఉంది. కచ్చితమైన రోజు గుర్తులేకపోతే నెల, సంవత్సరం రాసి "సుమారుగా" అని చేర్చండి.

బొమ్మ కింద ఇచ్చే వివరాలకు మ్యూజియంలు పాటించే క్రమమే అనుసరించవచ్చు: శీర్షిక, సంవత్సరం, మాధ్యమం, కొలతలు. ఉదాహరణకు, "కిటికీ దగ్గర సీసా, 2025, కాగితంపై నీటిరంగులు, 29.7 × 21 సెం.మీ." కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత వస్తుంది. తెర మీద అన్ని బొమ్మలూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి కాబట్టి ఈ కొలతలు లేకపోతే అరచేతిలో పట్టే బొమ్మకూ గోడంత బొమ్మకూ తేడా తెలియదు. చూపు లేనివారి స్క్రీన్ రీడర్ చదివే ఆల్ట్ టెక్స్ట్‌లో శీర్షికనే మళ్లీ పెట్టకుండా, బొమ్మలో ఏముందో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. తమ బొమ్మను చూడనివారికి మాటల్లో చెప్పడం విద్యార్థికి కూడా మంచి సాధన.

టపాలో ఏమి రాయాలి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడ. బొమ్మ పెడతారు, దాని కింద "ఈ రోజు సీసా బొమ్మ వేశాను, చాలా ఆనందంగా అనిపించింది, ఇంకా మెరుగుపడాలి" అని రాస్తారు. ఈ వాక్యం ఏ బొమ్మ కిందైనా ఇమిడిపోతుంది, కాబట్టి ఏ బొమ్మ గురించీ ఏమీ చెప్పదు. అదే బొమ్మకు ఇలా రాయవచ్చు:

"గాజుసీసా, మూడో ప్రయత్నం. మొదటి రెండింటిలో మూతి గుండ్రాన్నీ అడుగు గుండ్రాన్నీ ఒకే వంపుతో గీశాను, అందుకే సీసా ముందుకు ఒరిగినట్టు వచ్చింది. ఈసారి ముందుగా కంటి మట్టం ఎక్కడుందో ఒక గీతతో గుర్తుపెట్టుకుని, అడుగు దీర్ఘవృత్తాన్ని మూతి దానికంటే కాస్త ఎక్కువగా తెరిచాను. సీసా నిలబడింది. కానీ గాజు మెరుపు రాలేదు. మెరుపుల అంచులను తడితో మెత్తగా కలిపేశాను, సీసాలో చూస్తే అవి తెల్లగా, పదునుగా ఆగిపోతున్నాయి. తర్వాతి బొమ్మలో రంగు తాకకముందే మెరుపు చోట్లను వదిలిపెట్టి చూస్తాను."

ఇందులో అలంకారం ఏమీ లేదు. ఏ సమస్యను ఎదుర్కొన్నారో, దాని కోసం ఏమి మార్చారో, మార్పు వల్ల ఏమి జరిగిందో, ఇంకా ఏది మిగిలిందో ఉంది. చివరి వాక్యం తర్వాతి టపాకు మొదటి వాక్యమవుతుంది కాబట్టి "ఇప్పుడేం వేయాలి" అన్న ప్రశ్న కూడా తీరిపోతుంది. "బాగుంది", "బాగాలేదు" అన్న మాటలు రాయాలనిపించినప్పుడల్లా కలం ఆపి, బొమ్మలో ఏ చోటు గురించి ఆ మాట అంటున్నారో వెతకండి; ఆ చోటును పేరుపెట్టి చెప్పగలిగితే ఆ మాట అక్కరలేకుండా పోతుంది.

నూరు, నూటయాభై మాటలు దాటవలసిన పని లేదు. అయితే బొమ్మ వేసిన రోజునే రాయాలి, ఎందుకంటే ఏది ఎందుకు చేశామన్నది రెండు రోజుల్లో మరిచిపోతాం, ఆ తర్వాత రాసేది ఊహ. రంగులంటిన చేతులతో టైపు చేయలేకపోతే ఫోనులో మాటలు రికార్డు చేసుకుని రాత్రికి రాసుకోవచ్చు. వాడిన కాగితం బరువు, పెన్సిల్ గ్రేడు, రంగుల పేర్లు, పట్టిన సమయం టపా చివర ఒక వరుసలో రాసిపెట్టండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం మీద నిలిచిన తడి పూత పలచని కాగితం మీద ఎందుకు ఉబ్బి మడతలు పడిందో తర్వాతెప్పుడో ఆ వరుసే చెబుతుంది.

రోజూ రాయాలన్న నియమం పెట్టుకోవద్దు. వారానికి ఒక రోజు ఎంచుకుని ఆ వారం స్కెచ్‌బుక్కులోంచి ఒకటి రెండు పేజీలు ఎక్కించడం చాలాకాలం సాగుతుంది. పరీక్షల వల్లో మరో కారణం వల్లో రెండు నెలలు విరామం వస్తే, "ఇన్నాళ్లు రాయనందుకు క్షమించండి" అన్న టపా మాత్రం దయచేసి రాయకండి. నేరుగా తర్వాతి బొమ్మతో మొదలుపెట్టండి. విరామం ఎంతన్నది తేదీలే చెబుతాయి.

పాత టపాలను దిద్దకూడదు. ఇది ఈ పద్ధతిలో అన్నిటికంటే కష్టమైన నియమం, ఎందుకంటే చేయి తిరిగినకొద్దీ పాత బొమ్మలను చూస్తే సిగ్గనిపిస్తుంది, తీసేయాలనిపిస్తుంది. అక్షరదోషాలు సరిచేయండి, అంతకుమించి తాకవద్దు. ఇప్పుడు వేరేగా అనిపిస్తే టపా కింద ఇవాళ్టి తేదీ వేసి ఒక గమనిక చేర్చండి: అప్పుడు మెడ పొడవుగా ఉందనుకున్నాను, ఇప్పుడు చూస్తే అసలు తప్పు భుజాల వాలులో ఉంది, అని. ఒకే బొమ్మ మీద సంవత్సరం తేడాతో రాసిన రెండు అభిప్రాయాలను పక్కపక్కన చూస్తే, చెయ్యి ఎంత మారిందో కాక కన్ను ఎంత మారిందో తెలుస్తుంది. ఆ రెండో మార్పు బొమ్మలో వెంటనే కనిపించదు, దాన్ని పట్టుకునే చోటు ఇదొక్కటే. గ్యాలరీ సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: అక్కడ పదిహేను బొమ్మలకు మించనివ్వకుండా, కొత్తది ఒకటి చేరిస్తే పాతది ఒకటి తీసేస్తూ ఉండాలి. తీసేసినది బ్లాగులో ఎలాగూ ఉంటుంది. గ్యాలరీలోని ప్రతి బొమ్మ కింద, అది తయారైన క్రమం చెప్పే బ్లాగు టపాకు లింకు ఇవ్వండి. ప్రవేశాల కోసం పోర్ట్‌ఫోలియో చూసేవారిలో చాలామందికి పూర్తయిన బొమ్మతో పాటు ఆలోచన నడిచిన దారి కూడా కావాలి.

పోలిక సరిగ్గా కుదరాలంటే కొన్ని బొమ్మలను కావాలనే మళ్లీ గీయాలి. ఒక వస్తువును, మీ ఎడమచేతిని, అద్దంలో మీ ముఖాన్ని ఎంచుకుని, అదే పరిమాణం కాగితం మీద, అదే పెన్సిల్‌తో, అంతే సమయం పెట్టుకుని మూడు నెలలకొకసారి గీయండి. పాత బొమ్మను చూడకుండా గీసి, తర్వాతే రెండింటినీ ఒకే టపాలో పక్కపక్కన పెట్టాలి. మాధ్యమం మారితే, సమయం మారితే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

ఇతరుల బొమ్మలు, ఇతరుల ముఖాలు

గొప్పవారి బొమ్మలకు నకలు వేయడం నేర్చుకోవడంలో భాగం. వాన్ గో కూడా ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే బొమ్మలను ఆధారంగా తీసుకుని అనేక చిత్రాలు వేశాడు. దాచవలసిన పని లేదు, కానీ "ఫలానా చిత్రకారుడి ఫలానా బొమ్మకు నకలు" అని కింద స్పష్టంగా రాయాలి, వాటిని బ్లాగులోనే ఉంచాలి గానీ గ్యాలరీలోకి తేకూడదు. కాపీరైటు కాలం దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో చిత్రకారుడు మరణించాక 50 నుంచి 70 ఏళ్ల దాకా ఉంటుంది. జీవించి ఉన్నవారి బొమ్మకో, ఎవరో తీసిన ఫొటోకో నకలు వేస్తే ప్రచురించే ముందు వారి అనుమతి అడగడమే పద్ధతి. ట్యుటోరియల్ చూసి వేసినది అయితే ఆ మాటా రాయండి. తోటివిద్యార్థి ముఖం గీసినప్పుడు బొమ్మ మీది అయినా ముఖం వారిది, అడిగి పెట్టాలి. గురువు చేసిన విమర్శను రాసుకోవడం ఎంతో ఉపయోగకరం, వారి పేరు మాత్రం వారు ఒప్పుకుంటేనే.

మీ బొమ్మల మీద హక్కు బొమ్మ వేసిన క్షణం నుంచే మీది, అందుకు ఎక్కడా నమోదు చేయించుకోనక్కరలేదు. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్నవాటన్నిటిలోనూ ఇదే పద్ధతి. ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పదలిస్తే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి ఎంచుకుని పేజీ అడుగున రాయండి. బొమ్మ మధ్యలో పెద్ద వాటర్‌మార్క్ వేయడం నాకు నచ్చదు, దొంగను ఆపదు సరికదా చూడ్డానికి వచ్చినవారిని చూడనివ్వదు. పెద్ద ఫైలు ఎక్కించకపోవడమే అంతకంటే మంచి రక్షణ. కృత్రిమ మేధ శిక్షణ కోసం బొమ్మలు సేకరించే ప్రోగ్రాములను రావద్దని సైటులో పెట్టే రోబోట్స్ ఫైలు (robots.txt) ద్వారా చెప్పవచ్చు, కొన్ని వేదికల సెట్టింగుల్లో అందుకు ఒక మీట కూడా ఉంటుంది. అయితే అది విజ్ఞప్తి మాత్రమే, తాళం కాదు.

నిలబెట్టుకోవడం

లక్షల సొంత పేజీలకు చోటిచ్చిన జియోసిటీస్ 1994లో మొదలై, 2009లో చాలా దేశాల్లో మూతపడింది. గూగుల్ వారి సోషల్ మీడియా సేవ గూగుల్ ప్లస్ 2019లో మామూలు వాడుకదారులకు మూతపడింది. మీరు ఎంచుకున్న వేదిక కూడా ఏదో ఒక రోజు మూతపడుతుందన్న లెక్కతోనే పని చేయాలి. ప్రతి మూడు నెలలకు, పైన చెప్పినట్టు అదే బొమ్మను మళ్లీ గీసే రోజునే గుర్తుపెట్టుకుని, సైటు మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దింపుకోండి. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఎక్స్‌పోర్ట్ ఫైలులో రాతలు, తేదీలు, ట్యాగులు ఉంటాయి గానీ బొమ్మలు ఉండవు, వాటి లింకులే ఉంటాయి. అందుకే అసలు ఫొటోలను విడిగా భద్రపరచమన్నది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలన్నది భద్రతకు పాత లెక్క: కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. సొంత డొమైన్ తీసుకుంటే అది గడువులోగా పునరుద్ధరించాలి, గడువు దాటితే ఆ పేరును ఇంకెవరైనా కొనుక్కోవచ్చు, కాబట్టి గడువు గుర్తుచేసే ఈమెయిల్ మీరు నిజంగా చూసే ఖాతాకే వచ్చేలా చూసుకోండి.

స్కెచ్‌బుక్కులను ఫొటో తీశాక పారేయవద్దు. అట్ట వెనక మొదటి తేదీ, చివరి తేదీ, వరుస సంఖ్య రాసి, ఆ సంఖ్యనే ఆ పుస్తకంలోని బొమ్మల టపాలన్నిటికీ ట్యాగుగా ఇవ్వండి. సైటులో ఒక గీత అస్పష్టంగా కనిపించినప్పుడు ఏ పుస్తకం తెరిచి చూడాలో వెంటనే తెలుస్తుంది.